వీడియో కట్ చేసినా క్వాలిటీ తగ్గకూడదంటే ఏం చేయాలి?

వీడియోలు తీసే రైతులు తరచుగా అడిగే ప్రశ్న ఇది: "అన్నా, పొలంలో తీసినప్పుడు బొమ్మ అద్దంలా ఉంటుంది, కట్ చేశాక మసకైపోతుంది, ఎందుకు?"

ఇది చిన్న విషయం కాదండి. మిర్చిలో ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. తామర పురుగే మిల్లీమీటరు అటూఇటూ ఉంటుంది, నల్లి ఇంకా చిన్నది. బొమ్మ మసకైతే చూసే రైతు ఒకదాన్ని చూసి ఇంకోటి అనుకుంటాడు. పిచికారీ ఖర్చూ పోతుంది, పంటా పోతుంది.

మామూలు ఎడిటింగ్ యాప్ వీడియోను పూర్తిగా విప్పి మళ్లీ కుదించి సేవ్ చేస్తుంది. జెరాక్స్‌కి జెరాక్స్ తీసినట్టు ప్రతిసారీ కొంత వివరం పోతుంది. అప్‌లోడ్ చేశాక యూట్యూబ్ కూడా ఎలాగూ ఇంకోసారి కుదిస్తుంది. అందుకే మన దగ్గర పోకుండా చూసుకోవాలి.

నేను వాడేది లాస్‌లెస్‌కట్. ఉచితం, కంప్యూటర్‌లో పనిచేస్తుంది. వీడియోను విప్పకుండా కావలసిన ముక్కను ఉన్నదున్నట్టు కాపీ చేస్తుంది. అందుకే పని కూడా చాలా త్వరగా అయిపోతుంది.

చేసే విధానం:

1. ఫోన్ నుంచి కేబుల్‌తో ఫైల్ ఎక్కించుకోండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే అక్కడే క్వాలిటీ తగ్గుతుంది.
2. ఫైల్ తెరిచి, ముక్క మొదట్లో 'ఐ' కీ, చివర్లో 'ఓ' కీ నొక్కండి.
3. 'కీఫ్రేమ్ కట్' ఆన్‌లో ఉంచి ఎక్స్‌పోర్ట్ చేయండి.
4. కొత్త ఫైల్ మొదలు, చివర చూసుకున్నాకే పాతది తీసేయండి.

ఒక్క సంగతి. చెరుకు గడకు కణుపులు ఉన్నట్టే వీడియోలో కీఫ్రేములు ఉంటాయి. ముక్క అక్కడి నుంచే మొదలవుతుంది. మీరు గుర్తు పెట్టిన చోటుకన్నా కాస్త ముందు నుంచి వస్తే కంగారు పడొద్దు.

అక్షరాలు వేయాలన్నా, వెలుతురు పెంచాలన్నా ఈ పద్ధతి కుదరదు. ముక్కలు అతకాలంటే అన్నీ ఒకే ఫోన్‌లో, ఒకే సెట్టింగ్‌లో తీసి ఉండాలి.

కొలతలు చెప్పిన చోట మాత్రం కత్తెర వేయకండి. జీవామృతానికి 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ అని చెప్పిన ఆ నాలుగు సెకన్లు పోతే, మిగతా వీడియో ఎంత స్పష్టంగా ఉన్నా రైతుకు ఉపయోగం లేదు.

మొత్తం పై వీడియోలో చేసి చూపించాను. చూసి, మీ పొలం వీడియోతో ఒకసారి ప్రయత్నించండి.