సంకల్పం – సాధన

ఉగాదినాడో, జనవరి ఒకటిననో పూనిన సంకల్పాలు నెల తిరగకముందే సడలిపోవడం లోకంలో పరిపాటి. దీనికి సోమరితనం ఒక్కటే కారణం కాదు. అన్నింటినీ ఒక్కసారే తలకెత్తుకోవడం అసలు దోషం.

అమెరికా రాజనీతిజ్ఞుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ (1706–1790) ఫిలడెల్ఫియాలో ముద్రణాలయం నడిపే యౌవనదశలోనే దీనిని గ్రహించాడు. మితభోజనం, మితభాషణం, క్రమబద్ధత మొదలైన పన్నెండు గుణాలను అలవరచుకోదలచాడు. అతనికి గర్వం మెండని ఒక మిత్రుడు ముఖం మీదనే అనగా, వినయాన్ని పదమూడవదిగా చేర్చాడు. అట్టి మిత్రుడు దొరకడమూ భాగ్యమే!

వారానికి ఒక గుణంపైనే ప్రత్యేక దృష్టి. 13 వారాలకొక ఆవృత్తి. ఏడాదికి నాలుగు ఆవృత్తులు. చిన్న పుస్తకంలో ఎర్రసిరాతో గడులు గీసి, తప్పిన ప్రతిసారీ నల్లచుక్క పెట్టేవాడు. ‘మంచివాడనౌతాను’ అన్న సంకల్పానికి చుక్క పెట్టడానికి గడి దొరకదు. ‘వ్యర్థంగా మాట్లాడను’ అన్నదానికి దొరుకుతుంది. కొత్త ఆవృత్తి కోసం పాత చుక్కలను చెరపగా చెరపగా కాగితం చిల్లులు పడింది. అప్పుడు తడిపి తుడువదగిన దంతపు పలకలను ఆశ్రయించాడు.

క్రమబద్ధత మాత్రం అతనికి లొంగలేదు. కాగితాలను వాటి వాటి చోట ఉంచడం కూడ కష్టమైందని ఆత్మకథలో ఒప్పుకొన్నాడు. అయినా, అసలు పూనుకోకుండా ఉన్నట్లయితే ఈపాటి మెరుగూ, సుఖమూ తనకు దక్కేవి కావని 79వ ఏట వ్రాశాడు.