మహేంద్రతనయకు ఇటూ అటూ

చిరంజీవి మనవరాలికి,

మతం మారడం హక్కా, నేరమా అని అడిగావు. లా చదివేదానివి, సెక్షన్లు నాకన్నా నీకే ఎక్కువ తెలుసు. పాతపట్నంలో కూర్చుంటే నాకు కనిపించేది రాస్తాను.

ఇక్కడి నీలమణి దుర్గమ్మ గుడికి మహేంద్రతనయ నది అవతల ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి నుంచీ జనం వస్తారు. ఒడియా వాళ్లూ మనవాళ్లూ ఒకే వరసలో నిలబడతారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిపోయేదాకా ఇటూ అటూ అంతా గంజాం జిల్లాయే. సవర గిరిజనులకు ఈ రోజుకీ సరిహద్దుకు రెండు పక్కలా చుట్టాలున్నారు. చట్టం మాత్రం రెండు రకాలు.

బలవంతంగానో, మోసంతోనో, ఆశపెట్టో మతం మారిస్తే ఏడాది దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా అని ఒడిశా 1967లో చట్టం చేసింది. మారేది మైనరో, ఆడమనిషో, ఎస్సీ ఎస్టీలో అయితే శిక్ష రెట్టింపు. ఇటు మనకు అలాంటి చట్టం లేదు. 2007లో వచ్చింది ప్రభుత్వం నోటిఫై చేసిన పుణ్యక్షేత్రాల్లో వేరే మతం ప్రచారం చేయకూడదన్నదే.

ఒడిశా హైకోర్టు 1972లో ఆ 1967 చట్టాన్ని కొట్టేసింది. 1977లో స్టెనిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు మళ్లీ నిలబెట్టింది. 25వ అధికరణం ఇచ్చిన ప్రచార హక్కు తన మతం గురించి చెప్పుకోవడానికే గాని ఎదుటివాణ్ని మార్చడానికి కాదంది. మోసగాడికి శిక్ష పడాలి, అందులో నాకు పేచీ లేదు. కానీ పెళ్లయి పిల్లలున్న సవర ఆడమనిషిని మైనరు పక్కన కూర్చోబెట్టడం నాకు మింగుడుపడదు. ఓటేసేటప్పుడు పూర్తి మనిషి, దేవుణ్ని ఎంచుకునేటప్పుడు పసిపిల్లా?

ఇంకో తిరకాసు చూడు. సవర కుటుంబం క్రైస్తవంలోకి వెళ్లినా ఎస్టీగానే ఉంటుంది. అదే ప్రార్థనకు పక్కనే కూర్చునే మాల కుటుంబం మాత్రం 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల ఎస్సీ హోదా పోగొట్టుకుని, మన రాష్ట్రంలో బీసీ-సీ కిందికి వస్తుంది. అందుకే కొందరికి కాగితం మీద ఒక పేరు, చర్చిలో ఇంకో పేరు. వాళ్లని దొంగలనే ముందు ఆ ఉత్తర్వు ఒకసారి చదువు.

పాస్టర్లందరినీ వెనకేసుకొస్తున్నానని అనుకోకు. మాత్రలు మానేసి ప్రార్థనకు రమ్మనేవాడిది మతస్వేచ్ఛ కాదు. 25వ అధికరణం మొదలయ్యేదే ప్రజాశాంతి, నైతికత, ఆరోగ్యాలకు లోబడి అన్న షరతుతో. మైకుల గొడవా అంతే. చెన్నైలో ఒక చర్చి కేసులో సుప్రీంకోర్టు 2000లోనే తేల్చింది, ఇరుగుపొరుగుకు నిద్ర లేకుండా చేసి ప్రార్థించమని ఏ మతమూ చెప్పదని. మన ధనుర్మాసం మైకుకీ అదే వర్తిస్తుంది, కోపం తెచ్చుకోకు.

రేపు నల్లకోటు వేసుకున్నాక నీ దగ్గరికి ఇలాంటి కేసు వస్తే, ముందు ఆ మారిన మనిషిని పక్కన ఎవరూ లేకుండా అడుగు. పాస్టరునీ, ఊరి పెద్దల్నీ తర్వాత అడుగుదువుగాని.

ఆశీస్సులతో,
తాతయ్య