నీటి వాలున ఏలూరు

ఒక నగరము బాగుగా ఉన్నదా లేదా అని తెలిసికొనుటకు సాధారణముగా బ్యాంకులను, దుకాణములను, కొత్తగా లేచిన మేడలను చూపుదురు. ఏలూరు విషయమున అంతమాత్రము చాలదని మా అభిప్రాయము. ఈ ఊరికి కూడు పెట్టినది నీరు. నిద్ర చెడగొట్టుచున్నదియు నీరే. కనుక పెదవేగి మెరక నుండి కొల్లేటి పల్లము వరకు నీరు పోవు త్రోవనే మేమును పోయి చూచెదము.

ఏలూరునకు ఉత్తరమున సుమారు 12 కిలోమీటర్ల దూరమున ఉన్న పెదవేగియే ప్రాచీన వేంగి. శాలంకాయనులకును, పిమ్మట తూర్పు చాళుక్యులకును రాజధాని. రాజధాని రాజమహేంద్రవరమునకు తరలినంతనే వేంగి వైభవము తరిగి, నేటికి గ్రామముగా మిగిలినది. ఇప్పుడా మెరక భూములలో బోరుబావుల క్రింద ఆయిల్‌పామ్, కోకో, నిమ్మ, మొక్కజొన్న పండుచున్నవి. పామాయిల్ కర్మాగారమును ఉన్నది.

ఏలూరు రాజును నమ్ముకొని పెరిగిన ఊరు కాదు. 19వ శతాబ్ది మధ్యమున ధవళేశ్వరము, బెజవాడల వద్ద ఆనకట్టలు లేచిన పిమ్మట గోదావరి కాలువయు, కృష్ణా కాలువయు ఇచ్చట కలిసినవి. పడవలపై ధాన్యము నడిచినది. తరువాత మద్రాసు–కలకత్తా రైలు మార్గము వచ్చినది. 1925లో పశ్చిమ గోదావరి జిల్లాకు కేంద్రమైనది. 2022 ఏప్రిల్ 4న జిల్లా విభజన జరిగి, భీమవరము, తాడేపల్లిగూడెము వేరు పడగా, కైకలూరు, నూజివీడు వచ్చి ఏలూరు జిల్లాలో చేరినవి. కొల్లేటిలో అధిక భాగము ఇప్పుడు ఈ జిల్లాదే.

ఊరి సొంత పనితనమన్నచో ముందుగా చెప్పవలసినది తివాచీల నేత. పారశీకము నుండి వచ్చిన నేతగాండ్రు దీనిని తెచ్చిరని పెద్దలు చెప్పుదురు. ముస్లిం కుటుంబములు తరతరములుగా ఊలు దారమును ముడి వెంట ముడిగా వేసి నేసిన ఈ తివాచీలు విదేశములకు పోయినవి. ఒక పెద్ద తివాచీకి నెలలు పట్టును. యంత్రమునకు అంత ఓపిక అక్కరలేదు. కూలి గిట్టనిచోట కొడుకు మగ్గము ముందు కూర్చుండునా? కూర్చుండడు. ఆటో నడుపుకొనును, లేదా గల్ఫ్ దేశములకు పోవును. దీనిని సోమరితనమని నిందించువారితో మేము ఏకీభవింపము.

2020 అక్టోబరు వానలకు తమ్మిలేరు పొంగి ఊరిని భయపెట్టినది. అదే సంవత్సరము డిసెంబరు 5న వన్‌టౌన్ ప్రాంతమున జనులు ఉన్నట్టుండి మూర్ఛతో పడిపోజొచ్చిరి. కొలది దినములలో ఆరు వందలకు పైగా ఆసుపత్రికి చేరిరి, ఒకరు మరణించిరి. చాలమంది త్వరలోనే కోలుకొనిరి. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ పరీక్షలలో రోగుల రక్తమున సీసము, నికెల్ కనబడినవి. నిపుణులు క్రిమిసంహారక మందుల అవశేషములను అనుమానించిరి. రోజుకూలితో బ్రతుకు ఇంట ఒకరు పడిపోయిన, ఇంకొకరు ఆసుపత్రి మెట్లపై కూర్చుండవలెను. రెండు కూలులు పోవును. ఈ నష్టము ఏ ఆదాయ వ్యయ పట్టికలోను ఎక్కదు.

నీరు ఇంకను క్రిందికి పోవును. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు కొల్లేటిలో కలియును. ఉప్పుటేరు ఆ నీటిని సముద్రమునకు చేర్చును. 1970లలో మత్స్యకార సహకార సంఘములకు చేపల చెరువులు ఇప్పించినది ప్రభుత్వమే. పిమ్మట పెట్టుబడిదారులు దిగిరి. 1999లో అయిదవ కాంటూరు వరకు అభయారణ్యముగా ప్రకటింపబడినది. 2002లో రామ్‌సర్ జాబితాకు ఎక్కినది. 2006లో చెరువుల గట్లు తెగగొట్టబడినవి. శీలావతి, బొచ్చె మంచులో పెట్టుబడి బెంగాలునకు, అస్సామునకు పోవును. గట్లు అడ్డుపడినచోట వరదనీరు మాత్రము ఇచ్చటనే నిలుచును. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు నీరు చేరినదియు ఈ కొల్లేటికే. అయినను గట్టు తెగినప్పుడు చెరువు యజమానితోపాటు వలలాగు కూలివాడును పని పోగొట్టుకొనును. గట్లు తెగగొట్టుటకు ముందే అతని కూలి మాట తేల్చవలెనని మేము కోరుదుము.

మన విద్యార్థులు ఈ వేసవి సెలవులలో ఒక పని చేయవచ్చును. తమ వీథిలో పది ఇండ్లకు పోయి, నెలకు త్రాగునీటి డబ్బాలకు ఎంత, మందులకు ఎంత, ఇంటికి వచ్చు కూలి ఎంత అని వ్రాసికొని రావలెను. వన్‌టౌన్‌లో పది, కాలువ ఆవల పది. ఆ లెక్కలను తరగతిలో కలిసి చూచెదము.