తనది కాని పని

1941 డిసెంబర్ 7, ఆదివారం పొద్దున. పెర్ల్ హార్బర్‌లో లంగరేసి ఉన్న అమెరికా యుద్ధనౌక వెస్ట్ వర్జీనియాలో డోరిస్ మిల్లర్ మాసిన బట్టలు పోగుచేస్తున్నాడు. టెక్సాస్ రైతు కుటుంబం కుర్రాడు, వయసు 22. ఓడలో హెవీవెయిట్ బాక్సింగ్ ఛాంపియన్ అతనే. ఉద్యోగం మాత్రం మెస్‌లో వడ్డన, అధికారులకు ఊడిగం. నల్లజాతివాడికి అప్పట్లో ఆ నౌకాదళం అంతకు మించి ఇచ్చేది కాదు. తుపాకీ శిక్షణ ఊసే లేదు.

జపాన్ విమానాలు విరుచుకుపడ్డాయి. ప్రమాద ఘంట మోగగానే మిల్లర్ తనకు కేటాయించిన మందుగుండు గదికి పరుగెత్తాడు. టార్పెడో దెబ్బకు అదప్పటికే ధ్వంసమైంది.

ఇక్కడ కాస్త ఆగాలి. ‘నా డ్యూటీ చోటే లేదు, ఇక నన్నెవరేం అడుగుతారు’ అనుకోవడానికి ఇంతకంటే గట్టి సాకు ఎవరికి దొరుకుతుంది? మిల్లర్ ఓడలో దారులన్నీ కలిసే చోటికి వెళ్లి, ఇంకేదైనా పని చెప్పమని నిలబడ్డాడు. అతని సాహసమంతా నా దృష్టిలో అక్కడే మొదలైంది. కండబలం చూసి ఒక అధికారి అతన్ని పైకి తీసుకెళ్లాడు. ప్రాణాపాయంలో ఉన్న కెప్టెన్ మెర్విన్ బెనియన్‌ను కాస్త చాటుకు చేర్చారు. ఆ తర్వాత మెషిన్‌గన్లకు తూటాలు అందించమని లెఫ్టినెంట్ వైట్ చెప్పాడు. వైట్ తిరిగి చూసేసరికి, అందించాల్సినవాడు ఏకంగా కాల్చేస్తున్నాడు!

అదెలా వచ్చింది? ఇతరులు ఆ తుపాకులు వాడుతుంటే చూశానని తర్వాత అతనే చెప్పాడు. తనది కాని పనిని కూడా కళ్లు తెరుచుకుని చూసినవాడన్నమాట. తూటాలు అయిపోయాక, నూనె తేలుతున్న నీళ్లలోంచి క్షతగాత్రులను మోసుకొచ్చాడు. సినిమాలకు తుపాకీ దృశ్యమే ముద్దు కానీ, ఈ మోత తక్కువదేం కాదు.

మొదట్లో అతని పేరు కూడా బయటికి రాలేదు. అది బయటపెట్టాలని నల్లజాతి పత్రికలు పట్టుబట్టాయి. 1942 మే 27న అడ్మిరల్ నిమిట్జ్ స్వయంగా అతని ఛాతీకి నేవీ క్రాస్ తగిలించాడు. ఆ పతకం అందుకున్న తొలి నల్లజాతీయుడు మిల్లరే.

‘సంకల్పం ఉంటే చాలు’ అనే పుస్తకాలకు ఈ కథ ఇంతవరకే పనికొస్తుంది. ఆ జూన్ నుంచి నౌకాదళం నల్లజాతివారిని ఇతర విభాగాల్లోకీ చేర్చుకుంది. పతకం వచ్చిన మిల్లర్ మాత్రం వంటవాడి హోదా వరకే ఎదిగాడు. 1943 నవంబర్ 24న, అప్పుడు అతను పనిచేస్తున్న లిస్కోమ్ బే నౌక జపాన్ జలాంతర్గామి దాడిలో మునిగినప్పుడు అందులోనే ప్రాణాలు వదిలాడు. ఒక విమానవాహక నౌకకు అతని పేరు పెడుతున్నట్టు ప్రకటించడానికి 2020 దాకా పట్టింది.

కాబట్టి నేర్చుకోవలసింది మిల్లర్ లాంటివాళ్లే కాదు, వాళ్ల పైనున్నవాళ్లు కూడా. మీ కింద నలుగురు పనిచేస్తుంటే, హోదా చూసి వదిలేయకుండా, ఇంకేం పని వచ్చో ఈ వారమే అడిగి చూడండి.