ఊ కొడితే ఒప్పుకున్నట్టేనా?

ప్లేస్‌మెంట్ల కాలం దగ్గరకొచ్చింది. అందరం కోడింగ్ లెక్కలు రుబ్బుతున్నాం. ఏ కోచింగ్‌లోనూ చెప్పని పాఠం ఒకటి పోయిన ఎండాకాలం ఇంటర్న్‌షిప్‌లో దెబ్బ తిని నేర్చుకున్నాను. మీకు ఆ దెబ్బ తగలకూడదనే ఈ వ్యాసం.

మా టీంలో ఐదుగురం. లీడ్ జర్మనీలో, టెస్టింగ్ చూసే ఆమె జపాన్‌లో, మిగతా ముగ్గురం ఇక్కడ. నేను మదనపల్లెలో ఇంటి నుంచే పని చేసేవాణ్ణి. ఒకరోజు కాల్‌లో లీడ్, "శుక్రవారానికి లాగిన్ పేజీ అవుతుందా?" అని అడిగారు. దానికి వాడాల్సిన లైబ్రరీ పేరు కూడా నేను అప్పుడే వింటున్నా. అయినా ఆయన మాట్లాడినంతసేపూ "ఎస్, ఎస్" అంటూ, చివర్లో "చూస్తాను సార్" అన్నాను. మన ఇండ్లలో "చూస్తాంలే" అంటే అర్థమేమో మీకు తెలుసు. పెద్దవాళ్ళ ముఖం మీద కాదనలేక అనే మాట అది. ఆయన మాత్రం శుక్రవారం అని రాసుకున్నారు. సోమవారం క్లయింట్ ముందు తెరిస్తే ఖాళీ పేజీ.

ఆయన కేకలేయలేదు. "కాదని ముందే ఎందుకు చెప్పలేదు?" అని మాత్రం అడిగారు. నా దగ్గర జవాబు లేదు. తెలియదంటే చులకనైపోతానని భయపడ్డాను, అంతే. ఆ నెల రివ్యూలో "ఇతని మాట మీద ఆధారపడి ప్లాన్ వేయలేం" అని రాశారు. మార్కులు తగ్గినా అంత బాధపడేవాణ్ణి కాదు.

ఆ సాయంత్రం జపాన్ ఆమె ఫోన్ చేశారు. వాళ్ళ భాషలో "హాయ్" అంటే అవును అనే అర్థం. కానీ ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే మధ్యమధ్యలో అనే "హాయ్"కి "వింటున్నాను" అనే అర్థమట, ఒప్పుకున్నట్టు కాదట. ఇది మన ఊ కొట్టడమే కదా! కథ చెప్పే అవ్వకు ఊ కొడతాం, అంతమాత్రాన రాజుగారి ఏడో కొడుకు చేపను నమ్మినట్టా? మన సబ్జెక్టు భాషలో చెప్పాలంటే, ఊ అనేది టీసీపీలో ఏసీకే లాంటిది. డేటా అందిందని చెప్తుంది, పని అయిందని కాదు.

మా అవ్వది పుంగనూరు. ఆమె ఇంట్లో దీనికి తిరగేసిన రూలు నడుస్తుంది. చుట్టాలు "వద్దమ్మా, ఇప్పుడే తిన్న్యాం" అంటే అది వద్దు కాదు, ఇంకోసారి అడగమని. మూడోసారి అడిగితేగానీ సంగటి ముద్ద కంచంలో పడదు. అంటే మన "సరే" ఒక్కోసారి అవును కాదు, మన "వద్దు" ఒక్కోసారి కాదు కాదు. మనకు మనకు ఇది మర్యాద. బయటివాళ్ళకు అబద్ధంలా వినిపిస్తుంది.

అలాగని సూటిగా మాట్లాడటం మనకు చేతకాదని కాదు. మదనపల్లె టమోటా మార్కెట్‌లో వేలం చూడండి. ధర గట్టిగా పలుకుతారు, చీటీలో రాసుకుంటారు. అక్కడ ఎవరూ "చూస్తాంలే" అని లోడు ఎత్తించరు.

కుప్పం నుంచి వచ్చిన నా రూమ్మేట్‌కు ఈ గొడవ చిన్నప్పుడే తెలుసు. తమిళనాడు, కర్ణాటక రెండూ ఆనుకున్న ఊరు అది. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం వచ్చింది కూడా అక్కడే. వాడు చెప్పిన ఉదాహరణ వినండి. మన పాలు తమిళంలో పాల్, కన్నడంలో హాలు. ఊరు అనే మాట మూడింటిలోనూ దాదాపు ఒకటే. కానీ మనకు ఊట అంటే నీళ్ళు ఊరడం, కన్నడంలో ఊట అంటే భోజనం. "దగ్గరి మాటల దగ్గరే ఎక్కువ పడిపోతాం రా. తెలీని మాటైతే అడుగుతాం, తెలిసినట్టుంటే అడగం" అన్నాడు. నా "ఎస్" కూడా అట్లాంటిదే.

వేరే దేశాల వాళ్ళతో కలిసి పని చేయడం మన ఊరికి కొత్తేమీ కాదు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లె బీసెంట్ థియోసాఫికల్ కాలేజీకి వచ్చారు. అప్పటి ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ ఐర్లాండ్ కవి. ఠాగూర్ అక్కడ జనగణమన పాడి వినిపించారు. ఫిబ్రవరి 28న దాన్ని తానే ఇంగ్లీషులోకి మార్చి ఇచ్చారు. పాశ్చాత్య సంగీతం చదువుకున్న కజిన్స్ భార్య మార్గరెట్ ఆ పాటకు స్వరాలు రాశారు. రాసినవి ఠాగూర్‌కు వినిపించి, ఆయన బాగుందన్నాకే ఖాయం చేశారని చెబుతారు. బెంగాలీ పాట, ఐరిష్ చెవి, తెలుగు ఊరు. వాళ్ళను కలిపినవీ ఉన్నాయి. రెండు దేశాలూ ఒకే సామ్రాజ్యం కింద ఉన్నాయి. పైగా కజిన్స్ దంపతులు శాకాహారులు. అయినా ఆమె "నాకు అర్థమైందిలే" అనుకొని వదిలేయలేదు. విన్నది తిరిగి వినిపించింది.

నేను తర్వాత పాటించినవి మూడే:

1. "చూస్తాను" అనే మాట మానేశాను. తేదీ చెప్తాను, లేదా ఏ రోజుకు చెప్పగలనో చెప్తాను.

2. అడ్డం వచ్చిన రోజే చెప్తాను, గడువు రోజు కాదు.

3. కాల్ అయ్యాక "నాకు అర్థమైంది ఇదీ" అని రెండు లైన్లు రాసి పంపుతాను.

ఆఖరి వారంలో లీడ్ మళ్ళీ శుక్రవారం అన్నారు. చేతులు చెమటలు పడుతుంటే, "శుక్రవారానికి కాదు సార్, మంగళవారానికి అవుతుంది" అని టైప్ చేశాను. కోపగించుకుంటారేమో అనుకున్నా. "థాంక్స్. మంగళవారం" అని జవాబొచ్చింది. మంగళవారం పొద్దున్నే పేజీ ఇచ్చేశాను.

ఇదంతా అవ్వకు చెప్తే ఆమె ఊ కొడుతూ విని, చివర్లో అనింది: "అట్లయితే ఆయప్పకు ఆకలైతే నేరుగా అడుగుతాడు. మంచిదే కదరా, మూడుసార్లు బతిమాలే పని తప్పుతుంది!"