ఏడు లీటర్ల ఇథనాల్‌కు ఎన్ని కిలోల బియ్యం?

ఇప్పుడు మనం బంకులో పోయించుకునేది ఒట్టి పెట్రోలు కాదు. అందులో దాదాపు 20 శాతం ఇథనాల్ ఉంటుంది. కారులో 35 లీటర్లు పోయిస్తే 7 లీటర్లు ఇథనాలే అన్నమాట. టన్ను బియ్యం నుంచి సుమారు 450 లీటర్ల ఇథనాల్ వస్తుంది. ఈ లెక్కన ఆ 7 లీటర్లకు పదిహేనున్నర కిలోల బియ్యం కావాలి. ఆహార భద్రత చట్టం కింద మనిషికి నెలకు ఇచ్చే రేషన్ 5 కిలోలు. ఒక్కసారి ట్యాంకు నింపితే ముగ్గురి నెల రేషన్ ఖర్చయినట్టే.

అయితే ఇథనాల్ అంతా బియ్యం నుంచే రాదు. అసలు ఈ కథ మొదలైంది చెరకు మడ్డితో. చక్కెర మిల్లులో రసం కాచి, చక్కెర తీయగలిగినంత తీశాక మిగిలే నల్లటి చిక్కని ద్రవమే మడ్డి. మిల్లు భాషలో మొలాసిస్. అందులో ఇంకా కొంత చక్కెర ఉంటుంది. ఈస్ట్ వేసి పులియబెడితే ఆ చక్కెర ఆల్కహాలుగా మారుతుంది. దాన్ని బట్టీపట్టి, నీటిని పూర్తిగా తొలగిస్తే ఇంధనానికి పనికొచ్చే ఇథనాల్ తయారవుతుంది. బియ్యం, మొక్కజొన్నల్లో ఉన్నది పిండిపదార్థం కాబట్టి ముందు దాన్ని ఎంజైములతో చక్కెరగా విడగొట్టాలి. తర్వాత పద్ధతి ఒకటే.

మన దేశంలో పెట్రోలులో ఇథనాల్ కలిపే కార్యక్రమం 2003లో మొదలైంది. 2014 నాటికి కూడా కలిపింది ఒకటిన్నర శాతమే. 2022లో 10 శాతానికి, 2025లో 20 శాతానికి చేరాం. మనం వాడే ముడి చమురులో 85 శాతానికి పైగా దిగుమతి చేసుకుంటున్నప్పుడు ఇది చిన్న విషయం కాదు. విదేశీ మారకద్రవ్యం మిగిలింది. చెరకు రైతు బకాయిలు తీర్చడానికి మిల్లులకు మరో ఆదాయం దొరికింది.

చిక్కు వచ్చింది మోతాదు దగ్గర. కొద్ది శాతం కలిపినంత కాలం మడ్డి సరిపోయింది, ఎవరి కంచంలోదీ తీయాల్సిన పని లేకపోయింది. శాతం పెరిగే కొద్దీ చెరకు రసం, ఆ తర్వాత బియ్యం, మొక్కజొన్న డిస్టిలరీలకు వెళ్లాయి. 2023లో వర్షాలు సరిగా పడలేదు. జూలైలో ఆహార సంస్థ గోదాముల నుంచి డిస్టిలరీలకు బియ్యం ఇవ్వడం ఆపారు. డిసెంబరులో చెరకు రసంతో ఇథనాల్ తీయడంపై ఆంక్షలు పెట్టారు. 2024లో రెండింటినీ సడలించారు. ఈలోగా భారం మొక్కజొన్న మీద పడింది. అంతకు ముందు మొక్కజొన్న ఎగుమతి చేసిన దేశం దిగుమతి చేసుకోవాల్సి వచ్చింది. రైతుకు మంచి ధర దొరికింది, కోళ్ల దాణా ఖరీదు పెరిగింది. కోడిగుడ్ల ఉత్పత్తిలో ముందుండే తెలుగు రాష్ట్రాల్లో ఈ పోటీ సెగ ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు. పులియబెట్టాక మిగిలే పిప్పిలో మాంసకృత్తులుంటాయి, అది మళ్లీ దాణాగా పనికొస్తుంది. కానీ అది టన్ను మొక్కజొన్నకు దాదాపు మూడో వంతే.

ఇంతకీ ఇంత భూమి, ఇంత పంట ఎందుకు కావాల్సి వస్తోంది? జవాబు ఆకులో ఉంది. పొలం మీద పడే సూర్యశక్తిలో పంట మొక్క దాచుకునేది మహా అయితే ఒక శాతం. అందులోనూ ఇంధనంగా మారేది కొంతే. ఎకరం చెరకు 30 టన్నులు పండిందనుకుందాం. రసమంతా ఇథనాల్‌కే వాడినా టన్నుకు 70 లీటర్ల చొప్పున 2,100 లీటర్లు వస్తాయి. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలులో మూడింట రెండు వంతులే కాబట్టి, లీటరు పెట్రోలుకు 15 కిలోమీటర్లు నడిచే కారు దీనితో 10 కిలోమీటర్లు నడుస్తుంది. మొత్తం 21,000 కిలోమీటర్లు. అదే ఎకరంలో సౌర పలకలు పెడితే ఏడాదికి సుమారు 3 లక్షల యూనిట్ల కరెంటు వస్తుంది. యూనిట్‌కు 6 కిలోమీటర్లు వేసుకున్నా విద్యుత్ కారు 18 లక్షల కిలోమీటర్లు తిరుగుతుంది. ఇది ఉజ్జాయింపు లెక్కే. బ్యాటరీ తయారీ, రాత్రివేళ కరెంటు వంటి ఖర్చులు ఇందులో లేవు. అవి కలిపినా ఇంత తేడా పూడదు. పైగా పలకలకు మాగాణి అవసరం లేదు, రాళ్ల నేలైనా ఇంటి కప్పైనా చాలు.

నీటి సంగతి ఇంకా కష్టం. నీతి ఆయోగ్ 2021లో ఇచ్చిన నివేదిక ప్రకారం చెరకు నుంచి లీటరు ఇథనాల్ రావాలంటే దాదాపు 2,860 లీటర్ల నీరు కావాలి. మన 7 లీటర్లకు ఆ లెక్కన 20,000 లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు నాలుగు. బ్రెజిల్‌ను చూసి నేర్చుకోమనేవాళ్లు ఈ తేడా గమనించాలి. ఆ దేశం 1975 నుంచే చెరకు ఇథనాల్‌ను ప్రోత్సహిస్తోంది. అక్కడ చెరకు ఎక్కువగా వానతోనే పండుతుంది, జనాభాతో పోలిస్తే భూమి విస్తారం. మహారాష్ట్రలో చెరకు బావినీళ్ల మీద, కాలువల మీద బతుకుతుంది.

ఆహారంతో పోటీ లేని దారులూ వెతికాం. 2003 ప్రాంతంలో బంజరు భూముల్లో అడవి ఆముదం నాటి డీజిల్ తీయాలని పెద్ద ప్రణాళిక వేశారు. మొక్క బంజరులో బతికింది గానీ, నీరూ ఎరువూ లేనిదే కాయలు సరిగా కాయలేదు. బతకడం వేరు, కాపు వేరు అని ఏ రైతును అడిగినా చెప్పేవాడు.

ఇప్పుడు ఆశ వరిగడ్డి మీద ఉంది. గడ్డిలోని సెల్యులోజ్ కూడా చక్కెర గొలుసే. కానీ లిగ్నిన్ అనే గట్టి పదార్థం దానికి కవచంలా ఉండి ఎంజైములను దగ్గరికి రానివ్వదు. ముందు వేడితో, ఆమ్లంతో ఆ కవచాన్ని వదులు చేయాలి. ఖర్చంతా అక్కడే. 2022లో పానిపట్‌లో ప్రారంభించిన కర్మాగారం ఏటా 2 లక్షల టన్నుల వరిగడ్డితో 3 కోట్ల లీటర్లు తీసేలా కట్టారు. పొలంలో తగలబెట్టే గడ్డికి ఇది మంచి ఉపయోగమే. అయితే కోతకు, తర్వాతి నాట్లకు మధ్య ఉండే కొద్ది వారాల్లోనే అంత గడ్డినీ ఏరి, కట్టలు కట్టి, ఏడాదంతా తడవకుండా నిల్వ చేయాలి.

మడ్డి, పాడైన ధాన్యం, గడ్డి వంటివాటి నుంచి వచ్చే ఇంధనం నిజంగా పనికొచ్చేదే, కాకపోతే దొరికేది పరిమితం. కారుకు, స్కూటరుకు బ్యాటరీ ఉంది. సముద్రాలు దాటే విమానానికి అంత బరువున్న బ్యాటరీ కుదరదు, ద్రవ ఇంధనమే కావాలి. ఇథనాల్‌ను విమాన ఇంధనంగా మార్చవచ్చు. మన దేశం నుంచి వెళ్లే అంతర్జాతీయ విమానాల్లో 2027 నుంచి ఒక శాతం, 2030కి 5 శాతం ఇలాంటి ఇంధనం కలపాలన్నది లక్ష్యం. ఉన్న కొద్ది మడ్డినీ గడ్డినీ మనం స్కూటర్లలో కాలుస్తూ పోతే ఆ విమానాలకు మళ్లీ బియ్యమే వెతుక్కోవాలి.