విప్పి మళ్లీ అల్లితే పోయేదేముంది?

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని సామెత. ఆ తర్వాత ఎవరైనా అల్లిక సూదులు పట్టుకుంటే ఇంట్లోవాళ్లు నవ్వుతారు, ఎండలు ముదురుతుంటే స్వెట్టరేమిటని. అల్లిక అంటే ఊలు, ఊలు అంటే చలికాలం అన్న లెక్క అంతగా పాతుకుపోయింది. నిజానికి కొత్తగా నేర్చుకునేవాళ్లకు చలికాలం అంత మంచి ముహూర్తం కాదు. డిసెంబరులో మొదలుపెట్టేవాళ్ల కన్ను నేరుగా స్వెట్టరు మీదే పడుతుంది. వీపు భాగం సగమయ్యేసరికి సంక్రాంతి దాటిపోతుంది. ఆ సగం ముక్క సూదులతో సహా బీరువా పై అరకు చేరుతుంది.

వసంతంలో ఆ బెడద లేదు. అప్పుడు అల్లదగినవన్నీ చిన్నవి, నూలువి: గిన్నెలు తుడిచే గుడ్డ, ఫోను సంచి, పసిపిల్లల టోపీ, మెడలో వేసుకునే పల్చటి స్టోలు. చలిదేశాల్లో కూడా వసంతం రాగానే చాలామంది ఊలు పక్కనపెట్టి నూలు ఉండ తీస్తారు. వారం పది రోజుల్లో పూర్తయ్యే పని ముందుంటే మనిషి మధ్యలో వదిలేసే అవకాశం తక్కువ.

అన్నిటికన్నా తేలిక గిన్నెలు తుడిచే గుడ్డే. ఓ మాదిరి లావుండే నూలు ఉండ ఒకటి, 4.5 మిల్లీమీటర్ల సూదులు ఒక జత ఉంటే చాలు. వెదురు సూదులైతే కుట్లు తొందరగా జారవు. నూలు రంగు లేతగా ఉండాలి. నలుపూ ముదురు నీలమూ అయితే ఏ కుట్టు ఎక్కడుందో కంటికి ఆనదు. అంగుళానికి 5 కుట్లు పడతాయనుకుంటే 8 అంగుళాల వెడల్పుకు 40 కుట్లు ఎక్కించాలి. ప్రతి వరసా ఒకే నిట్ కుట్టుతో నడిస్తే సుమారు 80 వరసలకు గుడ్డ చదరంగా వస్తుంది. అంటే 3,200 కుట్లు. వినడానికి పెద్ద అంకెలాగే ఉంటుంది కానీ, రోజుకు పది వరసలు అల్లినా ఎనిమిది రోజుల పని.

అసలు పాఠం మాత్రం మూడో రోజుకు మొదలవుతుంది. గుడ్డ ఎందుకో పైకి పోయేకొద్దీ వెడల్పవుతుంటుంది. లెక్కపెడితే 40 ఉండాల్సిన కుట్లు 43 ఉంటాయి. దొంగ ఎక్కడున్నాడంటే, వరస మొదట్లోనే. సూదులు చేతులు మార్చాక నూలుపోగు సూది మీదుగా వెనక్కి పోతే మొదటి కుట్టు రెండు కాళ్లు చాపి రెండు కుట్లలాగా కనిపిస్తుంది. కొత్తవాళ్లు ఆ రెండింటినీ అల్లేస్తారు. పోగును సూదికి కిందుగా లాగి ఉంచి మొదలుపెడితే ఆ తప్పు రాదు. ప్రతి వరస చివరా ఒకసారి లెక్కపెట్టుకుంటే, వచ్చినా అక్కడికక్కడే దొరికిపోతుంది.

దొరికాక ఏం చేయాలి? విప్పాలి. చాలామంది ఆగిపోయేది ఇక్కడే.

బట్టలు కుట్టే పనిలో కత్తెర తప్పు పడితే గుడ్డ పోయినట్టే. కుండ పగిలితే మట్టి మళ్లీ చక్రం ఎక్కదు. అల్లికలో అలా కాదు. పది వరసలు విప్పినా చేతిలో ఉండేది అదే నూలు, అంతే పొడవు. పోయిందల్లా ఆ పూట శ్రమ. వేళ్లకు పట్టిన అలవాటు మాత్రం పోలేదు. తప్పు చేయడమంటేనే భయపడి కొత్త పనుల జోలికి పోనివాళ్లకు ఇంత చవకగా సాధన చేయించే పని మరొకటి దొరకడం కష్టం. నలుగురిలో మాట్లాడటానికో, కారు నేర్చుకోవడానికో జంకేవాళ్లు తప్పు జరిగిన క్షణంలో బిగుసుకుపోతారు. సూదుల దగ్గర అదే క్షణం రోజుకు నాలుగుసార్లు ఎదురవుతుంది, నాలుగుసార్లూ దారి దొరుకుతుంది.

విప్పడంలోనూ పద్ధతులున్నాయి. తప్పు ఈ వరసలోనే ఉంటే ఒక్కో కుట్టునూ వెనక్కి తీసుకుంటూ వస్తారు. ఇంగ్లిషులో దీన్ని టింక్ అంటారు. నిట్ (knit) అన్న మాట ఇంగ్లిషు అక్షరాలను తిరగేసి (tink) పెట్టిన సరదా పేరు. తప్పు చాలా కిందుంటే సూదులు తీసేసి పోగు పట్టి లాగేస్తారు. ముందుజాగ్రత్త గలవాళ్లు ప్రతి పది వరసలకూ ఒక వేరే రంగు దారాన్ని ఆ వరస కుట్లన్నిటి గుండా దూర్చి వదిలేస్తారు. దాని పేరు లైఫ్‌లైన్. ఎంత లాగినా అల్లిక ఆ దారం దగ్గర ఆగుతుంది. మొత్తం పోగొట్టుకోకుండా, సరిగ్గా ఉన్న చోటి నుంచి మళ్లీ ఎత్తుకోవచ్చు.

తప్పంటే భయం పోగొట్టడాన్నే పనిగా పెట్టుకున్న గురువు ఎలిజబెత్ జిమ్మర్‌మన్. 1910లో ఇంగ్లండులో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఆమె 1971లో తెచ్చిన పుస్తకం పేరే ‘నిట్టింగ్ వితౌట్ టియర్స్’, కన్నీళ్లు లేని అల్లిక. ఎవరో రాసిన నమూనాను గుడ్డిగా అనుసరించవద్దని, ముందు చిన్న ముక్క అల్లి అంగుళానికి ఎన్ని కుట్లు పడుతున్నాయో కొలుచుకుని మిగతా లెక్క సొంతంగా వేసుకోమని ఆమె నేర్పింది. అంగుళానికి 5 కుట్లు, చుట్టుకొలత 40 అంగుళాలు అయితే 200 కుట్లు. గిన్నెల గుడ్డకు వేసిన లెక్కే స్వెట్టరుకూ పనికొస్తుంది.

ఇక చిన్న వస్తువుల సంగతికొస్తే, బ్రిటన్ డైవర్ టామ్ డేలీ అల్లిక పట్టింది 2020 మార్చిలో. ఏడాది తిరిగాక టోక్యో ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచి, పతకం గీతలు పడకుండా చిన్న సంచి అల్లుకున్నాడు. ఒకవైపు బ్రిటన్ జెండా, రెండోవైపు జపాన్ జెండా. జెండాలు లేకుండా అలాంటి సంచి ఎవరైనా చేయవచ్చు. 20 కుట్లతో 14 అంగుళాల పట్టీ అల్లి, సగానికి మడిచి, రెండు పక్కలూ కుడితే ఫోను సంచి తయారు.

అల్లితే మనసు నెమ్మదిస్తుందన్న మాటకు కొంత ఆధారం ఉంది. 2013లో బ్రిటన్‌కు చెందిన ఒక వైద్య పత్రికలో వచ్చిన సర్వేలో 3,545 మంది అల్లికదారులు పాల్గొన్నారు. తరచుగా అల్లడానికీ, ప్రశాంతంగా సంతోషంగా ఉన్నామని అనుకోవడానికీ సంబంధం కనిపించింది. ఇవి ఎవరికి వారు చెప్పుకున్న జవాబులు కాబట్టి దీన్ని మందు అనలేం.

రెండు సూదులు ఇబ్బందనిపిస్తే కొక్కెం సూది ఒక్కటి చాలే క్రోషే ఉంది. సాధారణంగా ఒక్క ఉచ్చే తెరిచి ఉంటుంది కాబట్టి కుట్లు జారతాయన్న బెంగ తక్కువ. నూలు అల్లికకు చలితో పనిలేదనడానికి గోదావరి తీరమే సాక్ష్యం. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన నర్సాపురం లేసు ఈ ఒంటి సూది పనే. చెమట పట్టే ఊళ్లలో, అరుగుల మీద తరతరాల ఆడవాళ్లు సన్నటి నూలుదారంతో అల్లుకొచ్చినది.

ఎనభయ్యో వరస అయ్యాక కుట్లు మూసి, పోగు కత్తిరించి, కొసను లోపలికి దూర్చేస్తే గిన్నెల గుడ్డ పూర్తయినట్టే. నేల మీద పరిచి చూస్తే కింది అంగుళం బిగుసుకుని, కాస్త వంకరగా ఉంటుంది. మధ్యలో ఒకచోట కుట్లు వదులు. పై నాలుగంగుళాలు సమంగా, గీత గీసినట్టు ఉంటాయి. సాయంత్రానికి అది వంటింట్లో తడి స్టీలు గ్లాసుల మీద ఉంటుంది, సూదుల మీద ఇంకో 40 కుట్లు ఎక్కుతుంటాయి.